రెండో గది

లోర్నా "సరే, వస్తాను" అన్నచోట కిందటి వారం మనం ఆగాం. ఆ రెండు మాటలు ఆమె నోటి నుంచి రాబట్టడానికి డెస్‌కి చలికాలమంతా పట్టింది. ఆర్మోయ్‌లోని ఆ ఇంట్లో మ్యాన్ దీవి పేరెత్తడం మానేసి ఏళ్లయింది. లోర్నా తమ్ముడు నోయెల్ అక్కడి మోటారు సైకిళ్ల రోడ్డు పందెంలో రాతిగోడకి గుద్దుకుని చనిపోయాడు. నోయెల్‌తో కలిసి పందేల్లో బండి నడిపిన డెస్, బావమరిది శవపెట్టెను మట్టిలోకి దించిన రోజే భార్య చెయ్యి పట్టుకుని, ఇక జన్మలో పందెం బండి ఎక్కనని మాటిచ్చాడు. అలాంటివాడు ఈ ఏడు, "ఒక్కసారి వెళ్లొద్దాం లోర్నా, ఊరికే కూర్చుని చూసొద్దాం. నోయెల్ పోయినచోట నాలుగు పువ్వులు పెట్టొద్దాం" అంటూ వెంటపడ్డాడు. చివరికి ఆమె మెత్తబడింది. ఆగస్టులో బెల్‌ఫాస్ట్ నుంచి వెళ్లే పడవకి టిక్కెట్లు కూడా తీసేసుకున్నారు.

ఒప్పుకున్న మర్నాటి నుంచే ఆమెకి ఎక్కడో తేడా కొట్టడం మొదలైంది. ఎక్కడో తెలియదు. ఇంట్లో గ్యాసు వాసన వస్తూ, ఏ పైపు దగ్గరో తేలని మనిషిలా తిరుగుతోంది.

ఆ శనివారం పొద్దున ఫోన్ మోగింది. డెస్ పెరట్లో కోళ్ల దగ్గరున్నాడు.

"డెస్మండ్ గారి ఇల్లేనా అమ్మా? మ్యాన్ దీవిలో డగ్లస్ నుంచి కాలిస్టర్‌ని మాట్లాడుతున్నాను. మీరు దిగబోయేది మా ఇంట్లోనే."

"ఆఁ, చెప్పండి. నేను ఆయన భార్యని."

"సంతోషం. గదుల సంగతి అడుగుదామని చేశాను. మీ ఇద్దరికీ ముందువైపు గది ఉంచాను, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. రెండో గది మాత్రం మేడ మీదిది ఇవ్వనా, వెనకవైపుదా అని. వెనకవైపైతే రోడ్డు సద్దు వినబడదు. రైడరుకి నిద్ర ముఖ్యం కదమ్మా."

లోర్నా గోడకి ఆనుకుంది. కిటికీలోంచి చూస్తే డెస్ వంగి కోళ్ల తొట్టి కడుగుతున్నాడు. వంగినప్పుడు ఇదివరకులా ఆయాసపడటం లేదు. పొట్ట తగ్గింది. ఎప్పుడు తగ్గింది?

"వెనకవైపుదే ఉంచండి," అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా.

"అలాగే. మరి పొద్దున్నే తిండి ఏం పెట్టమంటారు? కొందరు ఓట్స్ గంజి తప్ప ముట్టరు. కిందటేడు దిగినాయన అయితే పెనం మీద గుడ్డు వేసేలోపలే ఇంకోటి అడిగేవాడు."

"గంజి పెట్టండి. మావాళ్లకి గంజే అలవాటు."

ఫోన్ పెట్టేశాక చేతులు టవలుకి తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంది. పందెం రోజుల్లో రైడర్లు విడిగా పడుకోవడం ఆమెకి కొత్త కాదు. నోయెల్ కూడా అంతే, పక్కన మనిషి కదిలితే నిద్రపట్టదని చెప్పి ఎప్పుడూ వేరే గది తీసుకునేవాడు. ఆగస్టు పందేల్లో కొత్తవాళ్లే కాదు, పాత బండ్ల మీద జుట్టు నెరిసినవాళ్లు కూడా దిగుతారు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. ఆమె మరిచిపోయి ఉంటుందని డెస్ అనుకున్నాడా?

డెస్ లోపలికొచ్చి బూట్లు విప్పాడు. ఆమె పెనం మీద బేకన్ మాంసం ముక్కలూ గుడ్డూ బంగాళదుంప రొట్టే వేయించి ప్లేటు ముందు పెట్టింది. అతను మాంసాన్నీ రొట్టెనీ పక్కకి నెట్టి గుడ్డు మాత్రం తిన్నాడు.

"ఏం, నా వంట పడటం లేదా?"

"కొవ్వు తగ్గించమన్నారు కదా."

"ఎవరన్నారు? నువ్వు డాక్టరు ముఖం చూసి ఎన్నాళ్లయింది?"

"నడుం బిగుసుకుపోతుంటే నాకే అనిపించిందిలే." అతను దీవి మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. మడతలు పడ్డచోట కాగితం చిరుగుతోంది. "ఇటు చూడు. పందెం ఇక్కడ మొదలై, ఇలా ఊళ్లన్నీ చుట్టి, కొండెక్కి, మళ్లీ ఇక్కడికే."

"నాకు మ్యాపు చెప్పకు డెస్. మనం ఎక్కడ కూర్చుంటామో చెప్పు. బల్లాఫ్ వంతెన దగ్గరా? నీకు అదే ఇష్టం కదా, బండ్లు గాల్లోకి ఎగురుతాయని."

"నీకు గ్రాండ్‌స్టాండ్‌లో సీటు తీశాను."

"గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చునేవాళ్లు ఐస్‌క్రీం తినడానికొస్తారని వెక్కిరించేవాడివి."

"వయసొచ్చింది. ఇప్పుడు గట్ల మీద కూర్చోగలమా ఏంటి, నడుం నెప్పితో?"

"నడుం నెప్పి నీకు. సీటు నాకు."

డెస్ నవ్వాడు. కళ్లు మాత్రం మ్యాపు మీదే ఉంచాడు. "నేను అటూ ఇటూ తిరుగుతుంటానుగా. పాతవాళ్లు కనిపిస్తారు, పలకరించాలి."

"సీటుకి ఎదురుగా ఏముంటుంది?"

"ఏముంటుంది, రోడ్డు. రోడ్డుకి అవతల బండ్లకి పెట్రోలు పోసే చోటు."

"రైడర్లు ఆగే చోటు."

"ఆగుతారు మరి. ఆగకుండా పెట్రోలు ఎలా పోస్తారు?"

లోర్నా టీ కలుపుతూ కూర్చుంది. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది. "పందేలకి వారం ముందే పడవెక్కుతున్నాం ఎందుకు?"

"ప్రాక్టీసు కూడా చూద్దామని. జనం పల్చగా ఉంటారు."

"వ్యాన్ ఎందుకు? కారులో పోవచ్చుగా."

"కుర్చీలు పట్టొద్దా?"

"రెండు మడత కుర్చీలకి వ్యానా?"

"వాన కోట్లు, ఫ్లాస్కులు, రేడియో. నువ్వు ఒక్క సంచీతో బయల్దేరిన రోజు నాకు చూపించు." అతను లేచి ప్లేటు తీసుకెళ్లి కడిగాడు. లోర్నా అడక్కుండా డెస్ ప్లేటు కడిగితే, ఆ ఇంట్లో ఏదో ఒక అబద్ధం నడుస్తున్నట్టే లెక్క. "ఇంకాసేపట్లో రూత్ వస్తానంది కదా. బాలీమనీ దాకా వెళ్లి పిల్లకిష్టమైన బన్నులు తెస్తాను. నీకేమైనా కావాలా?"

"ఏం వద్దు."

కారు మలుపు తిరిగే దాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత మేకుకి వేలాడుతున్న వ్యాన్ తాళం తీసుకుని షెడ్డులోకి నడిచింది.

డెస్ ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు అది. వాన రేకుల మీద పడుతోంది. వ్యాన్ వెనక తలుపులు తీస్తే కుర్చీలు లేవు. నేల మీద కొత్తగా బిగించిన ఇనప కొక్కేలున్నాయి, బండిని కదలకుండా కట్టడానికి వేసేవి. వాటి వెనక కోళ్ల దాణా సంచి ఒకటి, నోరు తాడుతో కట్టేసి ఉంది. దాణా సంచి వ్యాన్‌లో ఎందుకుంటుంది? పట్టుకుంటే మెత్తగా తగిలింది. తాడు విప్పింది.

లోపల తోలు సూటు. ఎరుపూ నలుపూ. మోకాళ్ల దగ్గర రోడ్డుకి రాసుకుని అరిగిన గుర్తులు.

వాసన ముందు తగిలింది. తోలూ, నూనే, చెమటా కలిసిన వాసన. ఆస్పత్రి వాళ్లు నోయెల్ సూటుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చినప్పుడు ఇదే వాసన. ఆ రోజు ఆమె దాన్ని ఇంటి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు దీన్ని చంకలో పెట్టుకుని వానలోనే ఇంట్లోకొచ్చి, బల్ల మీద మ్యాపు మీదే పరిచింది. అనాల్సిన మాటలన్నీ వరసగా నాలిక మీదికొచ్చాయి. సమాధి దగ్గర ఇచ్చిన మాట, తన చెయ్యి పట్టుకుని ఇచ్చిన మాట, దొంగబుద్ధి, ముసలితనంలో వెర్రి. ఒక్కోటీ పదును పెట్టుకుంటూ సూటు మడతలు సరిచేసింది.

అప్పుడాగింది.

నడుం దగ్గర చెయ్యి పెట్టి చూసింది. భుజాల మధ్య కొలిచింది. డెస్ ఎంత తగ్గినా ఒక్క తొడ కూడా ఇందులో దూరదు. నడుం సన్నం, కింద వెడల్పు. ఆడమనిషిది.

ఒక్క క్షణం పాటు, డెస్‌కి ఎవరో ఉన్నారనుకుంది. దీవిలో రెండో గది, వారం ముందు ప్రయాణం, తగ్గిన పొట్ట, ఆదివారాలు గడ్డి కోతకి సాయమంటూ పొద్దున్నే మాయమవడం, అన్నీ సరిపోయాయి. ఆశ్చర్యం, అలా అనుకున్నప్పుడు గుండె బరువు కాస్త తగ్గింది. అలాగైనా బావుండుననిపించింది. ఎందుకంటే దాని వెనకే ఇంకో ఆలోచన వస్తోంది, అది రాకూడదని ఆమె కోరుకుంటోంది.

డెస్ బన్నుల పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీదున్నదాన్ని చూశాడు. పొట్లం కింద పెట్టి, కుళాయి దగ్గరికెళ్లి నెమ్మదిగా చేతులు కడుక్కున్నాడు.

"ఎక్కడ దొరికింది?"

"నువ్వు దాచినచోటే."

"లోర్నా, నేను మాటిచ్చాను. తప్పలేదు. బండెక్కడం లేదు."

"నువ్వెక్కడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఇందులో నీ కాలు కూడా పట్టదు. ఇది ఎవరిది?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మ్యాపు అంచు సూటు కింద నుంచి బయటికి పొడుచుకొస్తే, దాన్ని వేలితో సాపు చేశాడు.

"కాలిస్టరమ్మ ఫోన్ చేసింది," అంది లోర్నా. "రైడరుకి వెనకవైపు గది తీసుకున్నాను. పొద్దున్నే గంజి పెట్టమన్నాను. ఇక పేరు ఒక్కటే చెప్పలేదు. ఆ పేరు నీ నోటితో చెప్పు."

"రూత్," అన్నాడు డెస్.

రూత్ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. కోల్‌రెయిన్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తూ అక్కడే ఉంటుంది. పద్దెనిమిది దాటిన దగ్గర్నుంచీ ట్రాక్ మీద బండి నడిపింది. దానికి లోర్నా పళ్లబిగువున ఒప్పుకుంది, ట్రాక్ మీదైతే పడితే గడ్డి మీద పడతారు కాబట్టి. ఇళ్లూ గోడలూ దీపస్తంభాలూ మీదమీదికొచ్చే రోడ్డు పందెం మాత్రం వద్దంది. కిందటేడు రూత్ తనంతట తనే విసుగొచ్చిందని బండి అమ్మేసింది. ఆ రాత్రి లోర్నా చాలా కాలానికి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

"అమ్మేసింది," అంది ఇప్పుడు. "నేను చూశాను. ట్రెయిలరు మీద ఎక్కించుకుపోయారు."

"తీసుకెళ్లింది నా పాత స్నేహితుడు. బండి అతని కొట్టంలోనే ఉంది. ఆదివారాలు నేను పోయేది అక్కడికి. రూత్‌తో పాటే నేనూ కొవ్వు మానేశాను."

"గడ్డి కోత."

"గడ్డి కోత," అని ఒప్పుకున్నాడు డెస్.

"నువ్వు నాకు మాటిచ్చావు డెస్."

"నా గురించి ఇచ్చాను. దాని గురించి ఇవ్వలేదు. దాని తరఫున మాటివ్వడానికి అది ఒప్పుకునే మనిషేనా? నేను లేకపోయినా పోతుంది. నేనుంటే కనీసం బ్రేకులు సరిగా ఉంటాయి."

"నాకెప్పుడు చెబుదామనుకున్నారు, మీరిద్దరూ?"

డెస్ మ్యాపు అంచుని మడవబోయాడు.

"గ్రాండ్‌స్టాండ్‌లో కూర్చోబెట్టాక," అంది ఆమె, ఒక్కో మాటా తడుముకుంటూ. "అందుకేగా ఆ సీటు. చుట్టూ జనం, లేచి అరవడానికి ఉండదు. మైకులో దాని పేరు చదువుతారు, నేను వినాలి. తర్వాత అది నా ముందు నుంచి వెళ్లిపోతుంది. పువ్వుల మాట కూడా అబద్ధమేనా?"

"అది కాదు. అది నిజం."

"ఏది నిజమో నువ్వు చెప్పకు. నాకు తెలియడం లేదు, నీకూ తెలియడం లేదు."

బయట కారు ఆగింది. డెస్ ఆ సద్దుకి బతికిపోయినవాడిలా లేచాడు. రూత్ తలుపు తోసుకుని వచ్చి, వాన నీళ్లు దులుపుకుంటూ, "బన్నులు తెచ్చావా నాన్నా?" అంటూ బల్ల వైపు చూసి ఆగిపోయింది. ముందు సూటు వైపు, తర్వాత తండ్రి వైపు చూసింది. చివరికి తల్లి వైపు.

"వ్యాన్ తలుపు తెరిచే ఉందేమో, వాన కొడుతుంది," అని డెస్ బయటికి నడిచాడు.

"వెళ్లు," అంది లోర్నా. "ఇన్నాళ్లూ అదేగా చేశావు."

తల్లీకూతుళ్లే మిగిలారు. రూత్ కోటు విప్పలేదు.

"అమ్మా, కూర్చో."

"నిలబడే వింటాను."

"సరే. నువ్వు వద్దంటే ఆగుతానని చెప్పను. చెబితే అదొక అబద్ధమవుతుంది, ఇప్పటికే చాలా ఆడాను. నువ్వు రాకపోయినా వెళ్తాను. కానీ నువ్వు రావాలని నాన్నని సతాయించింది నేనే. ఆ సీటు నేనే తీయించాను."

"ఎందుకు? మీ మామయ్యని చూసింది చాల్లేదనా?"

"మామయ్య కోసం కాదు. అందరూ అలాగే అనుకుంటారని తెలుసు. నాకు మామయ్య ముఖం కూడా సరిగా గుర్తు లేదమ్మా. నాకు ఆ రోడ్డు కావాలి. కళ్లు మూసుకుంటే మలుపు తర్వాత మలుపు వస్తుంది. ఏ ఇంటి పొగగొట్టం కనిపించగానే బ్రేకు వెయ్యాలో, ఏ చెట్టు దగ్గర వదిలెయ్యాలో. షాపులో జనం కళ్లు పరీక్ష చేస్తూ కూడా అదే నడుపుతుంటాను."

"రోడ్డు సంగతి నాకు చెప్పకు. ఈ సందుల్లో రోజూ స్కూలు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బస్సు నడిపేదాన్ని."

"అందుకే నీకు అర్థమవుతుందనుకున్నాను."

లోర్నా కూతురిని తేరిపార చూసింది. ఆ ముఖంలో పొగరు లేదు, బతిమాలడం లేదు. కానీ ఇంకేదో ఉంది. రహస్యం బయటపడ్డాక మనిషి కాస్త తేలికపడాలి. రూత్ పడలేదు. తడి కోటులోనే, చెయ్యి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గరే నిలబడింది.

"కోటు విప్పు."

"పర్వాలేదమ్మా, చలిగా ఉంది."

"విప్పి, ఇది తొడుక్కో." లోర్నా సూటు ఎత్తింది. "అక్కడ అంత దూరం నుంచి చూడమన్నావుగా. ఇక్కడ దగ్గర్నుంచి చూస్తాను. నా కూతురు ఇందులో ఎలా ఉంటుందో."

"ఇప్పుడా? బన్నులు తిన్నాక—"

"ఇప్పుడే."

రూత్ కోటు విప్పింది, కుడి చేత్తోనే. పొడుగు చేతుల స్వెట్టరు ఎడమవైపు వేళ్ల దాకా జారి ఉంది. సూటులో కాళ్లు దూర్చింది, నడుం దాకా లాక్కుంది, కుడి చెయ్యి దూర్చింది. ఎడమ చెయ్యి దగ్గర ఆగింది. ఈ పిల్ల పలక పట్టిన రోజు నుంచీ ఎడమ చేతివాటమే. పెన్నూ, కత్తెరా, చెంచా అన్నీ ఆ చేత్తోనే.

"ఇటు తే," అని లోర్నా తోలు చేతిని పట్టుకుని, చిన్నప్పుడు స్కూలు కోటు తొడిగినట్టే, కూతురి చేతిని అందులోకి నడిపించింది. మణికట్టు దగ్గర ఇరుకైంది. కొంచెం లాగింది.

రూత్ అరవలేదు. ముఖంలో రక్తం మాత్రం ఒక్కసారిగా దిగిపోయింది. కుడి చేత్తో బల్ల అంచు పట్టుకుంది.

లోర్నా తోలును వెనక్కి జార్చి, స్వెట్టరు పైకి మడిచింది. మణికట్టు చుట్టూ కట్టు. కట్టు పైనా కిందా చర్మం ఉబ్బి, పసుపూ ఊదా రంగుల్లో ఉంది.

"ఎప్పుడు పడ్డావు?"

"కిందటి ఆదివారం. నాన్న రాలేదు ఆ రోజు. మెల్లగానే వెళ్తున్నాను, తడి ఉంది, అంతే."

"డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"వెళ్తే చెయ్యి బాలేదని రాసేస్తారు. రాస్తే అక్కడ దిగనివ్వరు. ఆగస్టుకి తగ్గిపోతుందమ్మా."

"నా వేళ్లు పట్టుకో," అంది లోర్నా, తన రెండు వేళ్లు కూతురి ఎడమ అరచేతిలో పెట్టి. "క్లచ్ నొక్కినట్టు నొక్కు."

రూత్ నొక్కింది. పళ్లు బిగించి, నుదుటి మీద చెమట పట్టేదాకా నొక్కింది. లోర్నా వేళ్ల చుట్టూ ఆ చెయ్యి పసిపిల్ల చెయ్యిలా వదులుగా ముడుచుకుంది, అంతకు మించి బిగుసుకోలేదు.

ఇద్దరూ ఆ చేతినే చూశారు. డెస్ ఎంత మొండి మనిషైనా, క్లచ్ నొక్కలేని పిల్లని పడవ ఎక్కించడు. అది రూత్‌కి తెలుసు. ఇప్పుడు లోర్నాకీ తెలిసింది. ఏడ్చి గీపెట్టినా ఆగని ప్రయాణం ఒక్క ముక్కతో ఆగుతుంది. ఆ ఒక్క ముక్క చెప్పాక మాత్రం, ఈ ఇంట్లోకి రూత్ మళ్లీ అడుగుపెడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పెరట్లో బూట్ల చప్పుడు దగ్గరైంది.

"నాన్నకి చెప్పకు," అంది రూత్, పెదాలు మాత్రమే కదుపుతూ. "నిన్ను ఇంకేమీ అడగనమ్మా. ఇది ఒక్కటి."

తలుపు తెరుచుకుంది. డెస్ వాన నీళ్లు కారుతూ గుమ్మంలో నిలబడి, సగం తొడుక్కున్న సూటులో ఉన్న కూతురినీ, దాని ఎదురుగా నిలబడ్డ భార్యనీ మార్చి మార్చి చూశాడు. ముఖంలో ఏదో చిన్న ఆశ లాంటిది తొంగిచూసింది.

"ఏంటి, ఏమంటోంది మీ అమ్మ?" అన్నాడు.

లోర్నా కూతురి చెయ్యి వదల్లేదు.